శరణార్థి శిబిరంలో బిందెలో నీళ్ళను ఎవరు పరీక్షిస్తారు?

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాలో రోహింగ్యా శరణార్థులుండే కుటుపాలోంగ్ శిబిరాన్ని ఒక్కసారి ఊహించుకోండి. అక్కడ ఒక బిందెడు నీళ్ళు చేసే ప్రయాణం చూద్దాం. కొండవాలు మీది ట్యాంకులో ఆ నీళ్ళకు క్లోరిన్ కలుపుతారు. గొట్టాల గుండా అవి కుళాయికి చేరతాయి. ఒక ఇల్లాలో, పదేళ్ళ ఆడపిల్లో అల్యూమినియం బిందెతో వరుసలో నిలబడి, నింపుకుని, మట్టిమెట్లెక్కి వెదురు బొంగులూ టార్పాలిన్‌తో కట్టిన గుడిసెకు మోసుకెళుతుంది. బిందె మీద మూత ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మధ్యాహ్నం చిన్నపిల్లవాడు గ్లాసు ముంచుతూ నీళ్ళలో చెయ్యి కూడా ముంచుతాడు. రాత్రికి అడుగున మిగిలిన నీళ్ళు ఇంకెవరో తాగుతారు.

ఈ దారిలో ఎక్కడ నిలబడి చూస్తే ‘ప్రాజెక్టు విజయవంతమైంది’ అని చెప్పగలం? ట్యాంకు దగ్గరా? కుళాయి దగ్గరా? బిందె దగ్గరా? లేక ఆ పిల్లవాడికి వచ్చేవారం విరేచనాలు పట్టుకున్నాయో లేదో చూశాకా?

సహాయ సంస్థల నివేదికలు చాలావరకు ట్యాంకు దగ్గరో, మహా అయితే కుళాయి దగ్గరో ఆగిపోతాయి. ఇన్ని మరుగుదొడ్లు కట్టాం, ఇన్ని కుళాయిలు బిగించాం, ఇన్ని సబ్బులు పంచాం అని చెబుతాయి. అవి కాకి లెక్కలని నేననడం లేదు. చాలావరకు నిజాలే. అయితే అవి మనం ఇచ్చినదాన్ని చెబుతాయి తప్ప, అవతలివారికి అందినదాన్ని చెప్పవు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలవడమే మూల్యాంకనం. శరణార్థి శిబిరాల్లో ఆరోగ్య, పారిశుధ్య సహాయానికి అది అదనపు హంగు అనీ, తీరిక దొరికినప్పుడు చేసుకునే పని అనీ అనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. అది కూడా సహాయంలో భాగమే. ఈ మాట అనడానికి మన ఉపఖండపు అనుభవమే చాలు.

బనగావ్ నేర్పిన లెక్క

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది మన దేశంలోకి శరణు కోరి వచ్చారు. పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్ చుట్టుపక్కల శిబిరాల్లో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులు నేలమీదే పడి ఉండేవారు. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. కలకత్తాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ స్థితిలో ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. పేగుల్లో గ్లూకోజు తోడుంటే సోడియం సులువుగా లోపలికి వెళుతుంది, దాని వెంట నీరు వెళుతుంది. ఢాకా, కలకత్తా ఆసుపత్రుల్లో అంతకుముందే నిరూపణ అయిన శాస్త్రమిది. అయితే నర్సులు, మంచాలు, పరీక్షలు లేని చోట, అంత మంది మీద, బంధువుల చేతులమీదుగా అది పనిచేస్తుందని అప్పటికి చాలామంది వైద్యులు నమ్మలేదు.

మొదట్లో ఆ ఆసుపత్రికి వచ్చిన కలరా రోగుల్లో 30 శాతం దాకా చనిపోతున్నారు. మహలనబిస్ బృందం చికిత్స చేసినవారిలో మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. ఈ అంకె మనకు ఎలా తెలిసింది? ఆ గందరగోళంలో కూడా ఎవరో ఎంతమంది వచ్చారో, ఎంతమంది బతికి ఇంటికి వెళ్ళారో రాసిపెట్టబట్టి తెలిసింది. 1973లో ఆ లెక్క పరిశోధన పత్రికలో అచ్చయింది. దాన్ని చూపించి వాదించగలిగారు కాబట్టే తర్వాతి సంవత్సరాల్లో ఓఆర్‌ఎస్ ప్రపంచమంతా పాకింది. ఇవాళ మన ఊళ్ళో ఆశా కార్యకర్త సంచిలో, అంగన్‌వాడీ అలమరలో కనిపించే పొట్లం వెనక ఒక శరణార్థి శిబిరపు రిజిస్టరు ఉంది. 2022లో కన్నుమూసిన మహలనబిస్‌కు మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ రిజిస్టరు రాసిన వారి పేర్లు మాత్రం మనకు తెలియవు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఓఆర్‌ఎస్ ప్రభావం కళ్ళకు కనబడుతుంది. నాడి అందని మనిషి కొన్ని గంటల్లో లేచి కూర్చుంటాడు. పోల్చి చూడడానికి విడిగా ఒక రోగుల గుంపును పెట్టకపోయినా, మరణాలు అంత భారీగా తగ్గినప్పుడు అనుమానానికి తావు తక్కువ. మరుగుదొడ్డి సంగతి అలా కాదు. అది పనిచేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఒక బిడ్డకు జబ్బు రాదు, అంతే. రాని జబ్బు ఎవరికీ కనబడదు. నివారణ చర్యలన్నిటికీ ఉన్న చిక్కే ఇది. అందుకే చికిత్స కన్నా నివారణకే మరింత జాగ్రత్తగా చేసిన కొలత కావాలి. ఆచరణలో జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

గోమా తర్వాత వచ్చిన ప్రమాణాలు

1994 జులైలో రువాండా నుంచి లక్షలమంది సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోని గోమాకు చేరారు. అక్కడ నేల గట్టిపడిన లావా రాయి. గుంట తవ్వడం కష్టం, తాగడానికి కివు సరస్సు నీళ్ళే దిక్కు. మొదట కలరా, వెంటనే జిగట విరేచనాలు. మొదటి నెలలోనే సుమారు 50,000 మంది చనిపోయారని అంచనా. ప్రపంచం నలుమూలల నుంచి సంస్థలు వచ్చాయి, మందులు వచ్చాయి, అయినా చావులు ఆగలేదు. ఎందుకో తెలుసుకోవడానికి ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రం బృందం గోమాలో పరిశీలన జరిపింది. రోగులకు ద్రవం ఎక్కించే వేగం చాలలేదనీ, ఓఆర్‌ఎస్‌ను తగినంత వాడలేదనీ, తగని సెలైన్లు ఎక్కించారనీ, తీవ్రమైన కలరాను ఎదుర్కొన్న అనుభవం సిబ్బందికి లేదనీ 1995లో రాసింది. బనగావ్‌లో నేర్చుకున్న పాఠం 23 ఏళ్ళ తర్వాత గోమాకు చేరలేదన్నమాట. సరుకు చేరింది, జ్ఞానం చేరలేదు.

ఆ తర్వాత రువాండా సహాయ చర్యల మీద అనేక దేశాలు, సంస్థలు కలిసి ఒక ఉమ్మడి మూల్యాంకనం చేయించి 1996లో వెలువరించాయి. కొన్ని సంస్థల పనితీరు ఎంత అధ్వానంగా ఉందో అది దాపరికం లేకుండా చెప్పింది. ఆ కదలిక నుంచే 1997లో ‘స్ఫియర్’ ప్రయత్నం మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, ఒక కుళాయికి 250 మందికి మించకుండా, 20 మందికి ఒక మరుగుదొడ్డి, అత్యవసర తొలి దశలో 50 మందికి ఒకటి... ఇలాంటి కనీస ప్రమాణాలు అలా వచ్చినవే. ఒక నిజాయితీ గల మూల్యాంకనం తర్వాతి లక్షలమంది శరణార్థులకు మేలు చేసిందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కానీ ప్రమాణం చేతికి రాగానే అది గడిలో టిక్కు పెట్టే పనిగా మారడానికి ఎక్కువకాలం పట్టలేదు. స్ఫియర్ పుస్తకమే తన అంకెలను స్థానిక పరిస్థితిని బట్టి అర్థం చేసుకోమంటుంది. నివేదిక రాసేవాడికి అంత ఓపిక ఉండదు. ‘20 మందికి ఒకటి’ నెరవేరితే చాలు. ఆ ఒకటి ఎలా ఉందన్నది ఆ గడిలో పట్టదు.

కాక్స్ బజార్‌లో తలుపులకు గడియలు

2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి కాక్స్ బజార్‌కు చేరారు. అడవి కొట్టేసిన కొండల మీద రోజుల్లో నగరమంత శిబిరం వెలిసింది. మరుగుదొడ్లు కూడా అంతే వేగంగా, వేల సంఖ్యలో కట్టారు. వేగం తప్పు కాదు, అప్పుడది అవసరం. అయితే చాలా గుంటలు లోతు లేనివి. కొన్ని చేతిపంపులకు మరీ దగ్గరగా తవ్వినవి. కొన్ని వారాల్లోనే నిండిపోయాయి. నిండినదాన్ని తోడి తీసుకుపోవడానికి బండి వెళ్ళే దారి లేదు. లెక్కలో అవి ‘కట్టిన మరుగుదొడ్లు’. నేలమీద అవి మురుగును నీటికి చేరువ చేసే గుంటలు. తర్వాత చాలావాటిని మూసేసి, కొత్తవి కట్టి, మలపు బురదను శుద్ధి చేసే కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. ఒకే పనికి రెండుసార్లు ఖర్చు.

ఇక ఆడవారి సంగతి. చాలా మరుగుదొడ్లకు లోపల గడియ లేదు, దారిలో దీపం లేదు, మగవారివి పక్కనే. చీకటిపడ్డాక వెళ్ళడానికి భయపడి, వెళ్ళే అవసరం రాకుండా తిండీ నీళ్ళూ తగ్గించుకుంటున్నామని మహిళలు చెప్పారు. ఎండాకాలం ప్లాస్టిక్ కప్పు కింద కూర్చుని నీళ్ళు తాగడం మానేసిన గర్భిణిని తలచుకోండి. ఆమె ఆరోగ్యాన్ని కాపాడటానికే కట్టిన గది ఆమెకు కొత్త జబ్బు తెచ్చిపెడుతోంది. ‘20 మందికి ఒకటి’ అన్న అంకె దీన్ని చెప్పగలదా? చెప్పలేదు. ఆమెను అడిగితే తెలిసింది. అడిగాక కొన్ని సంస్థలు మహిళలనే కూర్చోబెట్టి, మరుగుదొడ్డి ఎక్కడ ఉండాలో, ఎలా ఉండాలో వారి చేతే గీయించాయి. గడియ ఖరీదు ఎంతని? అడగడానికి పట్టిన ఆలస్యమే అసలు ఖరీదు.

బిందె దగ్గర తేలిన నిజం

క్లోరిన్ కథ మరీ విచిత్రమైనది. కుళాయి దగ్గర లీటరు నీటిలో 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే నీరు సురక్షితమని ఏళ్ళతరబడి పాటించిన నియమం. ఇది ప్రధానంగా గొట్టాల ద్వారా నేరుగా ఇంటికి నీరు వచ్చే పట్టణాల అనుభవం నుంచి వచ్చినది. శిబిరంలో నీరు కుళాయి నుంచి నేరుగా నోటికి వెళ్ళదు. బిందెలో గంటల తరబడి ఉంటుంది, ఎండలో వేడెక్కుతుంది, చేతులు ముంచుతారు. 2013లో దక్షిణ సూడాన్ శిబిరాల్లో పరిశోధకులు కుళాయి దగ్గర నుంచి గుడిసె దాకా నీళ్ళ వెంట నడిచి, దారి పొడుగునా క్లోరిన్‌ను కొలిచారు. నియమం ప్రకారం కుళాయి దగ్గర సరిగ్గా ఉన్న నీరు కూడా తాగే వేళకు రక్షణ కోల్పోతోందని తేలింది. ఆ శిబిరాల్లో మోతాదు పెంచాలని సూచించారు. ఒక్కో శిబిరానికి దాని ఎండను, నీటిని, నిల్వ ఉంచే వేళను బట్టి మోతాదు లెక్కగట్టే పద్ధతి ఆ తర్వాత రూపుదిద్దుకుంది. కాక్స్ బజార్‌లో కూడా దాన్ని వాడి చూశారు.

అంతకు 20 ఏళ్ళ ముందు, 1993లో, మొజాంబిక్ శరణార్థులున్న మలావీ శిబిరంలో ఇంకో పరీక్ష జరిగింది. కొన్ని కుటుంబాలకు మూత, నీళ్ళు వంచుకునే కొమ్ము ఉండి, చెయ్యి ముంచడానికి వీలులేని బకెట్లు ఇచ్చారు. మిగతావారు మామూలు బకెట్లే వాడారు. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. కొత్త బకెట్ల ఇళ్ళలో అయిదేళ్ళలోపు పిల్లలకు విరేచనాలు 31 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఆ తేడా కాకతాళీయం అయ్యే అవకాశం పూర్తిగా తొలగిపోలేదని పరిశోధకులే ఒప్పుకున్నారు. నాకు ఈ ఒప్పుకోలు ఆ 31 కన్నా విలువైనదిగా కనబడుతుంది. నిధుల కోసం రాసే నివేదికలో ఇలాంటి వాక్యం మనకు సాధారణంగా దొరకదు.

కట్టడం వేరు, ఆరోగ్యం వేరు

మరుగుదొడ్లు కడితే జబ్బులు తగ్గుతాయన్నది మనకు తిరుగులేని సత్యంలా అనిపిస్తుంది. మన దేశంలోనే దీన్ని పరీక్షించారు. ఒడిశాలోని పూరీ జిల్లాలో వంద గ్రామాలు తీసుకుని, సగం ఊళ్ళలో అప్పటి సంపూర్ణ పారిశుధ్య కార్యక్రమాన్ని ముందుగా అమలు చేసి, మిగతా సగంతో పోల్చారు. 2014లో ఫలితాలు వచ్చాయి. కార్యక్రమం జరిగిన ఊళ్ళలో మరుగుదొడ్లున్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. కానీ పిల్లల్లో విరేచనాలు తగ్గలేదు, నులిపురుగులు తగ్గలేదు, ఎదుగుదల మెరుగుపడలేదు. కట్టినవన్నీ పనిచేసే స్థితిలో లేవు, పనిచేసేవాటిని ఇంటిల్లిపాదీ వాడలేదు.

బంగ్లాదేశ్ పల్లెల్లో, కెన్యాలో ఒకే తరహా పరీక్షలు పెద్దయెత్తున చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. బంగ్లాదేశ్‌లో పారిశుధ్యం, చేతుల శుభ్రత మీద పనిచేసిన చోట పిల్లల విరేచనాలు సుమారు 40 శాతం తగ్గాయి. కెన్యాలో అలాంటి తగ్గుదల కనబడలేదు. రెండు చోట్లా ఈ చర్యల వల్ల పిల్లల ఎత్తు మాత్రం పెరగలేదు. ఇవి శిబిరాలు కావు, స్థిరంగా ఉన్న పల్లెలు. అక్కడే ఒకే పని ఒక చోట ఫలించి ఇంకో చోట ఫలించకపోతే, జనం రోజూ మారే శిబిరంలో ‘కట్టాం కాబట్టి మేలు జరిగే ఉంటుంది’ అని ఎలా అనుకోగలం?

మరుగుదొడ్లు అనవసరమని దీని అర్థం కాదు. గౌరవం, భద్రత కోసమైనా అవి ఉండి తీరాలి. ఆరోగ్యం పేరు చెప్పి డబ్బు తెచ్చినప్పుడు ఆరోగ్యం మెరుగైందో లేదో చూపించాలన్నదే నా వాదన.

మోసం చేసే అంకెలు

శిబిరంలో కొలవడం నిజంగానే కష్టం. ఆ కష్టం ఎక్కడుందో తెలిస్తే తప్ప అంకెల్ని సరిగా చదవలేం.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక శిబిరంలో జూన్‌లో వారానికి 400 మందికి విరేచనాలు. అందరూ కంగారుపడి జులైలో సబ్బులు పంచారు. సెప్టెంబరుకు ఆ సంఖ్య 120కి దిగింది. సబ్బు పనిచేసిందా? చేసి ఉండవచ్చు. కానీ వానాకాలపు జోరు తగ్గడం వల్ల, సోకాల్సినవారికి సోకిపోవడం వల్ల కూడా ఏ అంటువ్యాధైనా శిఖరానికి చేరాక దిగుతుంది. మనం ఎప్పుడూ శిఖరం దగ్గరే మేలుకుంటాం కాబట్టి, మనం ఏం చేసినా ఆ తర్వాత అంకె దిగినట్టే కనబడుతుంది. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందన్న వాదనకూ దీనికీ తేడా లేదు. సబ్బు అందిన చోటనూ, ఇంకా అందని చోటనూ అదే కాలంలో పోల్చి చూస్తేనే సబ్బు పాలు ఎంతో తెలుస్తుంది.

ఇంకొకటి. శిబిరంలో కొత్త క్లినిక్ తెరిస్తే రోగుల సంఖ్య పెరుగుతుంది. జబ్బు పెరగలేదు, జబ్బును లెక్కించే చోటు పెరిగింది. అలాగే, శిబిరంలో ఎంతమంది ఉన్నారో తెలియకుండా ‘వెయ్యికి ఎంతమంది’ అని చెప్పలేం. పది సంస్థలు ఒకేచోట పనిచేస్తుంటే ఫలితం ఎవరిదో విడదీయడం మరీ కష్టం. 2017 అక్టోబరులో కాక్స్ బజార్‌లో దాదాపు 7 లక్షలమందికి కలరా టీకా చుక్కలు వేశారు. అందరూ భయపడిన భారీ కలరా అక్కడ రాలేదు. టీకా వల్లా? క్లోరిన్ వల్లా? ఓఆర్‌ఎస్ కేంద్రాల వల్లా? అన్నీ కలిసా? ఏ సంస్థ నివేదిక చదివితే ఆ సంస్థ పని వల్లే అనిపిస్తుంది. అదే శిబిరంలో ఆ శీతాకాలంలోనే డిఫ్తీరియా వేలమందికి అంటుకుందన్న సంగతి కూడా పక్కనే పెట్టుకుని చదవాలి.

‘ఇల్లు కాలుతుంటే వాసాలు లెక్కపెట్టమంటారా?’

సహాయ కార్యకర్తలు అడిగే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకూడదు. జనం చస్తుంటే సర్వే చేసే వ్యవధి ఎక్కడిది? పరీక్ష పేరుతో కొందరికి నీళ్ళిచ్చి, ఇంకొందరికి ఆపడం న్యాయమా?

రెండో ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పవచ్చు. ఆపకూడదు. మంచిదని తెలిసినదాన్ని పోలిక కోసం ఎవరికీ ఆపకూడదు. అయితే ఏ శిబిరంలోనూ సరుకు అందరికీ ఒకేరోజు అందదు. ముందు ఒక బ్లాకు, తర్వాత ఇంకో బ్లాకు. ఆ వరుసను పలుకుబడి నిర్ణయించే బదులు చీటీలు నిర్ణయిస్తే, అందరికీ అందుతుంది, పోలికా దొరుకుతుంది, న్యాయం కూడా కాస్త ఎక్కువే జరుగుతుంది. లేదా మలావీలోలాగా రెండు పద్ధతుల్లో ఏది మేలో తెలియనప్పుడు రెంటినీ పోల్చవచ్చు.

మొదటి ప్రశ్నకు బనగావ్ జవాబు. అంతకన్నా పెద్ద మంట ఏముంటుంది? అక్కడ లెక్క రాయబట్టే మంట ఆర్పే పద్ధతి అందరికీ తెలిసింది. పైగా అత్యవసర స్థితి నెలల్లో ముగుస్తుంది, శిబిరాలు ఏళ్ళతరబడి ఉంటాయి. కుటుపాలోంగ్‌లో 1990ల నుంచే శరణార్థులున్నారు. మొదటి ఆరు వారాల తొందర ఆరో సంవత్సరంలో కూడా సాకుగా పనికిరాదు.

అసలు అడ్డంకి వేళ లేకపోవడం కన్నా ఇష్టం లేకపోవడం అనుకుంటాను. మూల్యాంకనం చేయించేది చాలాసార్లు ఆ పని చేసిన సంస్థే. వచ్చే ఏడాది నిధులు ఈ ఏడాది నివేదిక మీద ఆధారపడి ఉంటాయి. బయటి నిపుణుడు కొద్దిరోజులకు వస్తాడు, చూపించినవి చూస్తాడు. దుబాసీ చిట్టగాంగ్ మాండలికం మాట్లాడతాడు, రోహింగ్యా భాష దానికి దగ్గరే కానీ అదే కాదు. రేషన్ కార్డు ఎవరి చేతిలో ఉందో తెలిసిన శరణార్థి, వారి మనిషి ‘మరుగుదొడ్డి బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటాడు. బాగాలేదన్న నివేదిక వస్తే అది బీరువాలోకి వెళుతుంది. అలా ఒక సంస్థ చేసిన తప్పు ఇంకో దేశంలో ఇంకో సంస్థ మళ్ళీ మొదటినుంచి చేస్తుంది.

ఏం చెయ్యాలి?

పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. కొలిచే చోటు మార్చాలి. నీటిని కుళాయి దగ్గరతో పాటు బిందెలో, అదీ సాయంత్రం వేళ పరీక్షించాలి. మరుగుదొడ్లను లెక్కపెట్టే బదులు ఎన్ని పనిచేస్తున్నాయో, ఎన్ని నిండాయో, రాత్రిపూట ఆడవారు, పిల్లలు, ముసలివారు, కాళ్ళు లేనివారు ఎంతమంది వాడుతున్నారో అడగాలి. అడిగేవారు శిబిరంలోని వారే అయితే, ముఖ్యంగా మహిళలైతే, జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది. వారికి శిక్షణ ఇచ్చి, పనికి తగిన కూలి ఇవ్వాలి.

పని మొదలయ్యే ముందే, ఎంత చిన్నదైనా సరే, ఒక ముందస్తు లెక్క తీసుకోవాలి. అది లేకపోతే తర్వాతి ఏ అంకెకూ అర్థం ఉండదు. ప్రాజెక్టు నిధుల్లో కొంత భాగాన్ని మూల్యాంకనానికి మొదటినుంచే విడిగా పెట్టి, ఆ పనిని వేరే సంస్థకు, వీలైతే ఆ ప్రాంతపు విశ్వవిద్యాలయానికో పరిశోధన కేంద్రానికో అప్పగించాలి. గోమాలో జరిగిన తప్పును పట్టుకున్నది ఢాకా నుంచి వెళ్ళినవారే కదా. ఫలితం ఏదైనా నిర్ణీత గడువులో బయటపెట్టాలి. ముఖ్యంగా, శిబిరంలోని వారికి వారి భాషలో చెప్పాలి. వారి మలమూత్రాల గురించి, పిల్లల జబ్బుల గురించి ప్రశ్నలడిగి, జవాబులు పట్టుకుపోయి, చివరికి ఏం తేలిందో వారికే చెప్పకపోవడం మర్యాద కాదు.

శిబిరం చుట్టూ ఉన్న ఊరిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాక్స్ బజార్ జిల్లాలోని టెక్నాఫ్ వైపు భూగర్భజలం మొదటే కొరత. శిబిరానికి నీళ్ళు తోడే బోరు పక్క ఊరి బావిని ఎండబెడితే, శిబిరం నివేదికలో విజయంగా రాసినది ఊరివారికి పగకు కారణమవుతుంది.

ఈ మాటలు ఇప్పుడు మరింత అవసరం. 2025లో అమెరికా తన విదేశీ సహాయాన్ని భారీగా కుదించింది. రోహింగ్యా శిబిరాల్లో రేషన్‌కు ఇచ్చే మొత్తానికి 2023లోనే రెండుసార్లు కోతపడింది. డబ్బు తగ్గినప్పుడు ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అన్న నిర్ణయం తప్పదు. సబ్బులు ఆపాలా, బురద తోడే పని ఆపాలా, క్లోరిన్ ఆపాలా? ఏది ఎంత మేలు చేస్తోందో ముందు నుంచే కొలిచి ఉంటే కొంతైనా వివేకంతో కోత పెట్టవచ్చు. లేకపోతే ఎవరి గొంతు చిన్నదో వారిదే ముందు తెగుతుంది. ఇలాంటి కోతల్లో మొట్టమొదట పోయేది మూల్యాంకనమే అయ్యే ప్రమాదమూ ఉంది. చీకటిగా ఉందని దీపం ఆర్పేసుకోవడం అది.

ఇదంతా ఎక్కడో దూరాన ఉన్నవారి సమస్య అనుకోనక్కర్లేదు. హైదరాబాద్ శివారు బాలాపూర్ చుట్టుపక్కల గుడిసెల్లో కొన్నివేలమంది రోహింగ్యాలు బతుకుతున్నారు. వారికి సాయపడుతున్న చిన్నసంఘాలకు కూడా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మనం విన్నది కూడా ఎన్ని ఆహార పొట్లాలు, ఎన్ని నీళ్ళ సీసాలు అన్న లెక్కలే. మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న ముసలావిడకు ఆ సీసా అందిందా అన్నది వేరే లెక్క.

ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవారికి మనమిచ్చేదాన్ని ఎంచుకునే వీలుండదు. నచ్చని దుకాణం మానేసి ఇంకో దుకాణానికి వెళ్ళినట్టు వారు వెళ్ళలేరు. ఓటు లేదు, ఫిర్యాదు వినే నాథుడు లేడు. అలాంటివారి విషయంలో ‘మేమిచ్చినది మీకు పనికొచ్చిందా?’ అని నిజాయితీగా అడగడమొక్కటే వారికి మిగిలిన మాట హక్కు. బనగావ్‌లో ఎవరో ఆ ప్రశ్న అడిగి, జవాబు రాసిపెట్టారు. అందువల్ల ఎన్ని కోట్లమంది పిల్లలు బతికారో మనకు తెలుసు. కుటుపాలోంగ్‌లో ఈ సాయంత్రం ఆ బిందె మూత తీసి చూడవలసిన బాధ్యత కూడా అంతే బరువైనది.